వంకర పన్ను లేని కథ

ఆమెని ఆ వీధిలో అందరూ పళ్ళక్క అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు, ఆమె పలుకుతుంది. మూడంతస్తుల పళ్ళాసుపత్రిలో మెట్ల కింద నుంచి వెళ్ళే పొడుగాటి గది ఆమెది. పైన డాక్టర్లు నోళ్ళు తెరిపిస్తారు, కింద ఆమె కట్టుడు పళ్ళు కడుతుంది. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. గది నిండా ప్లాస్టర్ పొడి, కాగిన మైనం వాసన. బల్ల మీద ముఖాలు లేని దవడలు వరసగా నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఉలిక్కిపడతారు. నేనూ పడ్డాను.

నా కింది వరస కట్టించుకోవడానికి నాలుగుసార్లు ఆ గదికి వెళ్ళాను. నాలుగుసార్లూ, ఒక్క కాసేపు తప్ప, ఆమె చేతులు పని చేస్తూనే ఉన్నాయి, నోరు తిడుతూనే ఉంది. నన్ను కాదు, ఒక వీడియో గేమ్ తయారుచేసిన కంపెనీని. నేను స్టూలు మీద కూర్చుని విన్నాను. పళ్ళు లేనివాడు వినడం తప్ప ఏం చేస్తాడు?

"పన్నెండేళ్ళండీ," అంది మొదటిరోజే, చిన్న కత్తితో మైనం చెక్కుతూ. "పన్నెండేళ్ళు ఆడాను ఆ ఆట. పిల్లాణ్ణి కని పెంచినా ఈపాటికి ఎదురు చెప్పే వయసొచ్చేది."

ఆ ఆటని ఇంటికి తెచ్చింది ఆమె భర్త. ఆయన లిఫ్టు మెకానిక్. నాలుగు రోజులు ఆడి, మధ్యలో ఇరుక్కుపోయినవాళ్ళని బయటికి లాగడం నాకు ఆఫీసులో ఎలాగూ ఉంది, ఇంట్లో కూడా ఎందుకని వదిలేశాడు. ఆమె పట్టుకుంది. రాజ్యాలు, మంత్రగాళ్ళు, రెక్కల గుర్రాలు, ఒక పెద్ద నది, ఆ నది ఒడ్డున ఊళ్ళు. ఆటగాడు ఆ ఊళ్ళు తిరుగుతూ ఎవరి కష్టమేమిటో తెలుసుకుంటూ పోవాలి. రెండేళ్ళకో మూడేళ్ళకో కొత్త భాగం వస్తుంది, కథ అక్కణ్ణుంచి సాగుతుంది. కత్తియుద్ధాల మీద ఆమెకి మోజు లేదు. మొదటి రెండు భాగాలు రాసినవాళ్ళకి మనుషులు తెలుసు, అందుకే ఆడానంటుంది.

రెండో భాగం చివర వరద వస్తుంది. ఒక పడవవాడు ఊరివాళ్ళని అవతలి ఒడ్డుకి చేరవేస్తాడు. ఆఖరున ఒడ్డు మీద ఏడేళ్ళ పిల్ల ఒక్కతే మిగులుతుంది. పడవ ఖాళీగానే ఉంది. పడవవాడు పిల్ల తలమీద చెయ్యి వేసి, "ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తా," అంటాడు. పడవ తిప్పుకుని వెళ్ళిపోతాడు. మళ్ళీ రాడు. పిల్ల ఏడవడం మొదలుపెడుతుంది. అక్కడితో ఆ భాగం అయిపోతుంది.

ఎనిమిదేళ్ళ కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం పళ్ళక్క అక్కడిదాకా వచ్చింది. అదే గదిలో మంచం మీద ఆమె అత్తగారు రెండు కళ్ళకీ కట్టు కట్టుకుని పడుకుని ఉంది. ఆపరేషన్ అయి మూడో రోజు. టీవీలోంచి ఏడుపు వినిపించింది.

"ఎవరే ఆ పిల్ల? ఎవరి పిల్ల అలా ఏడుస్తోంది?"

"ఎవరి పిల్లా కాదత్తయ్యా. ఆట."

"ఆటలో పిల్ల అంతలా ఏడుస్తుందా? ఎందుకేడుస్తోంది?"

కోడలు చెప్పింది. పెద్దావిడ పైకప్పు వైపు తిరిగి ఒక సంగతి చెప్పింది, కన్నకొడుక్కి కూడా ఎప్పుడూ చెప్పనిది. ఏడేళ్ళప్పుడు ఆవిణ్ణి వాళ్ళమ్మ ఒక చుట్టాలింటి గుమ్మంలో కూర్చోబెట్టి, చేతికి బట్టల మూట ఇచ్చి, సాయంత్రం వస్తానని వెళ్ళిందట. రాలేదు. చచ్చిపోయీ కాదు. రెండు ఊళ్ళ అవతల ఇంకో ముప్ఫై ఏళ్ళు బతికింది. ఎందుకు వదిలేసిందో పెద్దవాళ్ళెవరూ చెప్పలేదు. అడిగితే కసురుకున్నారు. అడగాల్సిన మనిషి ముందు నిలబడే వీలు రాకుండానే ఆ మనిషి పోయింది.

"వాడు తిరిగొస్తాడో రాడో నాకక్కర్లేదు," అంది పెద్దావిడ. "ఎందుకు వదిలాడో కనుక్కుని నాకు చెప్పు."

అప్పటినుంచీ ఆ ఇంట్లో అదొక అలవాటైంది. కట్లు విప్పారు, చూపు వచ్చింది. చేతుల వణుకు వల్ల ఆవిడకి ఆడటం రాదు. అందుకని కోడలు రాత్రిళ్ళు ఆవిడ పడుకున్నాక ఆడటం, మర్నాడు సాయంత్రం పని నుంచి వచ్చి, కూర తరుగుతూ రాత్రి జరిగిన కథ చెప్పడం, అత్తగారు ఎదురుగా కూర్చుని ఊఁ కొడుతూ వినడం. ఏ సేనాపతికి ఏ చెల్లెలు, ఎవరి కత్తి ఎవరి దగ్గరుంది, అన్నీ ఆవిడకి నోటికి వచ్చు. కోడలు మర్చిపోతే ఆవిడే అందిస్తుంది.

కథ మాత్రం చెడుతూ వచ్చింది. దీని గురించి పళ్ళక్కని కదిలిస్తే చాలు, అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"మూడో భాగంలో ఒంటిచెయ్యి రాజుకి రెండు చేతులూ ఉన్నాయి. ఎలా వచ్చాయయ్యా అంటే జవాబు లేదు. నాలుగో భాగంలో పడవవాణ్ణి జోకర్ని చేశారు. గుర్రాన్ని పడవెక్కించి అది తన్నితే నీళ్ళలో పడతాడు, మనం నవ్వాలి! ఒక పిల్లని ఒడ్డున వదిలి వచ్చినవాడు వాడు! ఐదో భాగంలో మేక మాట్లాడింది. ఎందుకు మాట్లాడింది? బొమ్మలు బాగా అమ్ముడవుతాయని. నా కొలీగ్ ఒకడు మేక బాగుందక్కా అన్నాడు. వాడితో వారం రోజులు మాట్లాడలేదు."

ప్రతి భాగానికి ముందూ కంపెనీ ఒకటే ఊరించేది, పడవవాడి రహస్యం దగ్గర్లోనే ఉందని. ప్రతి భాగం చివరా చేతులు దులుపుకునేది. "ఏమందే?" అని అత్తగారు అడిగేది. "ఇంకా చెప్పలేదత్తయ్యా." "సరే, చెప్తారులే. పెద్ద కథ కదా, టైము పడుతుంది." ఎవరినీ నమ్మని మనిషి, పాలవాడు పోసిన పాలు మళ్ళీ కొలిచి చూసుకునే మనిషి, ఆ కంపెనీని మాత్రం ఎనిమిదేళ్ళు నమ్మింది.

ఈ ఏడాది ఆరో భాగం వచ్చింది. పెట్టె మీదే రాశారు: పడవవాడి నిజం. పళ్ళక్క తొమ్మిది రోజులు సెలవు పెట్టింది. ముప్ఫై ఏళ్ళలో అంత సెలవు ఆమె ఎప్పుడూ పెట్టలేదు. పై అంతస్తు డాక్టరు, "ఇంట్లో ఏమైనా సీరియస్సా?" అని అడిగితే, "అవునండీ," అంది.

ఆరో రోజు మధ్యాహ్నం, అత్తగారు పక్కగదిలో కునుకు తీస్తుండగా, ఆ నిజం దగ్గరికి వచ్చింది.

పడవవాడు పిల్లని వదల్లేదు. ఒక మాంత్రికుడి నీడ పడవవాడి రూపం వేసుకుని వదిలింది. అసలు పడవవాడు ఇన్నేళ్ళూ గుహలో మంత్రనిద్రలో ఉన్నాడు. లేచాడు, నవ్వాడు. పెరిగి పెద్దదైన పిల్ల పరుగెత్తుకొచ్చి కావలించుకుంది. పైనుంచి పూలు పడ్డాయి. మొత్తం రెండు నిమిషాలు. ఆ తర్వాత తెర మీద, అభినందనలు, మీకు బంగారు తెడ్డు బహుమతి అని వచ్చింది.

"బంగారు తెడ్డు!" అంది పళ్ళక్క. చేతిలో మైనపు కత్తి నా ముక్కు వైపు తిరిగి ఉంది. నేను స్టూలు కాస్త వెనక్కి జరుపుకున్నాను. "ఒక్కమాట చెప్పండి. మీ పళ్ళు నేను నేరుగా గట్టివి పోసి ఇచ్చేస్తానా? ముందు మైనంలో గుచ్చి, మీ నోట్లో పెట్టి, ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టమంటాను. మాట తేలిపోతోందా, ఈల వేస్తోందా, పెదవి ఎత్తుగా ఉందా చూస్తాను. బాగాలేకపోతే పీకి మళ్ళీ గుచ్చుతాను. నాలుగుసార్లైనా సరే. మైనంలో ఉన్నంతసేపూ సిగ్గు లేదు. ఆ కంపెనీలో అంతమంది ఉన్నారే, ఈ కథని ఒక్క మనిషి నోట్లో ఒక్కసారి పెట్టి చూశారా? ఈ ముక్క పైకి చదివి, పలుకుతోందా అని ఒక్కడైనా అడిగాడా?"

ఆ నిజం చూసిన సాయంత్రం అత్తగారు అడిగితే ఆమె నీళ్ళు నమిలింది. ఇంకా అక్కడిదాకా రాలేదంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు కూరగాయల బుట్ట ముందు పెట్టుకుని పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుంటూ చూస్తే, ఇంకో దారి లేక భర్తని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ఏం చెప్పనండీ ఆవిడకి? మాంత్రికుడి నీడ అని చెప్పనా?"

"మాంత్రికుడి నీడా?" అన్నాడు లిఫ్టు మెకానిక్. "లిఫ్టు ఆగిపోతే మేం ఆగిపోయిందని బోర్డు పెడతాం. మాంత్రికుడు ఆపాడని రాయం. ఉద్యోగం ఊడుతుంది."

"జోకులొద్దు. ఏం చెయ్యను?"

"నువ్వే ఏదో ఒకటి కల్పించి చెప్పెయ్. వాళ్ళకంటే నువ్వే బాగా చెప్తావు. అమ్మ ప్రాణం కుదుటపడుతుంది."

ఆ మాట ఆమెకి నచ్చింది. పొగడ్త కదా. ఒక రాత్రీ ఒక పగలూ ఆలోచించి కథ కట్టింది. చాలా శ్రద్ధగా కట్టింది. మర్నాటి సాయంత్రం అత్తగారి ముందు కూర్చుని చెప్పింది.

పడవవాడికి అప్పటికే అవతలి ఒడ్డు నుంచి అంటుజబ్బు తగిలింది. పిల్లని పడవెక్కిస్తే పిల్లకీ అంటుకుంటుంది. పైగా పడవకి చిల్లు పడింది, ఇద్దరిని మోయదు. అందుకే గుండె రాయి చేసుకుని వదిలాడు. అవతలి ఒడ్డు చేరిన రాత్రే పోయాడు. చేతిలో ఆ పిల్ల బొమ్మ ఉంది.

పెద్దావిడ మధ్యలో ఒక్కసారి కూడా ఊఁ కొట్టలేదు. అంతా అయ్యాక నిదానంగా అడిగింది.

"బొమ్మ ఎక్కడిది?"

"ఆ పిల్లదే అత్తయ్యా."

"ఆ పిల్ల చేతిలో బొమ్మ లేదు. నాకు కళ్ళు కనపడని రోజు చెప్పావు, నాకు గుర్తుంది. వట్టి చేతులన్నావు. పడవకి చిల్లన్నావు. నాలుగో భాగంలో అదే పడవలో గుర్రాన్ని దాటించాడుగా? ఆ రాత్రే పోయినవాడు గుర్రాన్నెలా దాటించాడే?"

పెద్దావిడ పై పెదవి వేలితో ఎత్తి చూపించింది. పదేళ్ళ కిందట ఆ పళ్ళు కట్టింది పళ్ళక్కే. అన్నీ సమంగా ఉంటే కట్టుడువని చిన్నపిల్లలు కూడా పట్టేస్తారని, పాత ఫోటో ఒకటి ముందు పెట్టుకుని, ఎడమవైపు ఒక పన్ను కావాలనే కాస్త పక్కకి తిప్పి గుచ్చింది. చూసినవాళ్ళు ఎవరూ కట్టుడు పళ్ళనుకోరు. ఆ వృత్తిలో ఆమెకి పేరు తెచ్చింది ఆ వంకర పన్నే.

"ఇది వంకరగా ఎందుకు పెట్టావే అంటే, 'అలా ఉంటేనే అత్తయ్యా, నిజంగా మీవనిపిస్తాయి' అన్నావు. మరి ఈ కథలో ఒక్క వంకరా లేదేం? జబ్బు అందుకొచ్చింది, చిల్లు ఇందుకొచ్చింది. వాడు మంచోడే, పడవా మంచిదే. పిల్లని వదిలినవాడు మాత్రం ఎవడూ లేడు. ఇది వాళ్ళు కట్టింది కాదు. నువ్వు కట్టావు. తొందరలో కట్టావు."

అని పై వరస తీసింది, కింది వరస తీసింది, నీళ్ళ గిన్నెలో పడేసింది. ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి ఇది: పెద్దావిడకి నిజంగా కోపం వస్తే అరవదు. పళ్ళు తీసేస్తుంది. అవి మళ్ళీ పెట్టుకునేదాకా ఎవరితోనూ మాట్లాడదు. ఇదివరకు రికార్డు ఒక పూట. ఈసారి మూడు రోజులు. గంజిలాంటి తిండి తిని, గోడవైపు తిరిగి పడుకుంది. కొడుకు బతిమాలాడు. "అమ్మా, తప్పు నాది, నేనే చెప్పమన్నాను." పెద్దావిడ గిన్నె కాస్త దూరం జరిపింది, అంతే.

పళ్ళక్క ఆ మూడు రోజుల గురించి నాకు చెప్పేటప్పుడు కంపెనీని తిట్టలేదు. చేతిలో పని ఆపింది, అంతకుముందెప్పుడూ ఆపగా చూడలేదు.

"ఇన్నాళ్ళూ ఎవరినైతే తిట్టానో వాళ్ళు చేసిందే నేనూ చేశాను కదండీ. వాళ్ళు నీడ మీదికి తోశారు, నేను జబ్బు మీదికి తోశాను. ఇద్దరం కలిసి వాణ్ణి శుభ్రంగా కడిగేశాం."

నాలుగో రోజు ఆమె అత్తగారి చెయ్యి పట్టుకుని లేపి టీవీ ముందు కూర్చోబెట్టింది. ఒక్క ముక్క తను చెప్పలేదు. ఆరో భాగం పెట్టి, ఆ రెండు నిమిషాలూ చూపించింది. గుహ, నీడ, నవ్వు, పూలు, బంగారు తెడ్డు. పెద్దావిడ చూసింది. లేచి వెళ్ళి గిన్నెలోంచి పళ్ళు తీసి, కడిగి, పెట్టుకుని వచ్చింది.

"ఎవరు రాశారే ఇది?"

"కంపెనీవాళ్ళు."

"వాళ్ళకి ఫోనుందా?"

"ఫోను లేదత్తయ్యా. వాళ్ళ సైటులో రాయొచ్చు. ఆడేవాళ్ళందరూ అక్కడ రాస్తారు, వాళ్ళు చదువుతారట."

"అయితే రాయి. నేను చెప్తాను."

పళ్ళక్క ఆ ఉత్తరం ఫోనులో నాకు చూపించింది. ఒక్క అక్షరం దిద్దలేదట.

'అయ్యా, నేను మీ ఆట ఆడను, వింటాను. ఎనిమిదేళ్ళు విన్నాను. ఆ పిల్లని పడవవాడు వదిలాడు. తలమీద చెయ్యి కూడా వేశాడు. ఆ చెయ్యి నీడది అంటున్నారు. చెయ్యి ఎవరిదో పిల్లకి తెలీదా? వాడు పిరికివాడని రాయండి, ఒప్పుకుంటాను. దుర్మార్గుడని రాయండి, ఒప్పుకుంటాను. అలసిపోయాడని రాసినా సరే. వదిలినవాడే లేడంటే ఇన్నేళ్ళూ ఒడ్డున కూర్చున్నది ఎవరికోసం? ఆ పిల్ల చేత వాణ్ణి కావలించుకునేలా చేశారు, మీకు చేతులెలా ఆడాయి? కనీసం ఆ పిల్లనైనా ఒకసారి అడిగారా?'

రెండు రోజులకి జవాబు వచ్చింది. 'మా ఆట పట్ల మీ అభిమానానికి ధన్యవాదాలు! మీ అభిప్రాయం మాకెంతో విలువైనది. కానుకగా మీ ఖాతాలో మాట్లాడే మేకకి ఎర్రటి టోపీ జతచేశాం. ఆటని ఆస్వాదించండి!'

"మేకకి టోపీ," అంది పెద్దావిడ.

"అవునత్తయ్యా."

"ఎర్రది."

"ఊఁ."

పెద్దావిడ పళ్ళు తీయబోతుందేమోనని కోడలు భయపడింది. తీయలేదు. పళ్ళు పటపట కొరికింది, ఎంత గట్టిగానంటే, కట్టిన మనిషిగా పళ్ళక్కకి ఒక్క క్షణం ఆ సెట్టు గురించే బెంగ కలిగింది.

"ఆ రెండో భాగం ఉందా ఇంకా? పారేశావా?"

"ఉంది."

"పెట్టు. వరదకి ముందు ఎక్కడో వాడు రేవులో నిలబడి ఉంటాడన్నావే, అక్కడికి తీసుకెళ్ళు."

పళ్ళక్క పాత డిస్కు తుడిచి పెట్టింది. పాత బొమ్మలు, కాస్త మొరటుగా ఉంటాయి. రేవు, కట్టిన పడవ, చేతిలో తెడ్డుతో పడవవాడు. ఆటగాడు దగ్గరికి వెళితే వాడు ఒకటే మాట అంటాడు: "నీళ్ళు పెరుగుతున్నాయి, జాగ్రత్త."

"అది ఇలా ఇయ్యి," అని పెద్దావిడ కోడలి చేతిలోంచి రిమోటులాంటి ఆ ఆటమీట లాక్కుంది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి. చేతులు వణుకుతున్నాయి, తెర మీద ఆటగాడూ అటూ ఇటూ ఊగుతున్నాడు. "కొట్టడానికి ఏది నొక్కాలే?"

"అత్తయ్యా, వాడికి దెబ్బ తగలదు. ఊరివాళ్ళని కొట్టకూడదని ఆటలోనే పెట్టారు. కత్తి లోపల్నుంచి దూరిపోతుంది, అంతే."

"ఏది నొక్కాలో చెప్పు."

చెప్పింది. పెద్దావిడ నొక్కింది. కత్తి పడవవాడి భుజంలోంచి, పొట్టలోంచి గాల్లోకి దూరినట్టు దూరిపోయింది. "నీళ్ళు పెరుగుతున్నాయి, జాగ్రత్త," అన్నాడు వాడు.

"నీళ్ళ సంగతి నాకెందుకురా? పిల్ల సంగతి చెప్పు."

కొట్టింది. "నీళ్ళు పెరుగుతున్నాయి, జాగ్రత్త."

"తలమీద చెయ్యి వేశావుగా? ఆ చెయ్యి నీదే. ఎవడి నీడా కాదు. నువ్వే."

పని నుంచి వచ్చిన కొడుకు చెప్పులు విడవడం మర్చిపోయి గుమ్మంలోనే నిలబడ్డాడు. తన తల్లి ఎవరినైనా "రా" అనడం ఆయన వినలేదు ఎప్పుడూ. టీ చల్లారింది. పెద్దావిడ కొడుతూనే ఉంది. బొటనవేలు నొప్పెడితే చూపుడువేలితో నొక్కింది. అరగంటయ్యాక కోడలు ఉండబట్టలేక పక్కన కూర్చుంది.

"వాడి దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే అత్తయ్యా. ఎన్నిసార్లు కొట్టినా అదే అంటాడు."

"అననీ," అంది పెద్దావిడ తెర మీంచి చూపు తిప్పకుండా. "నా దగ్గరున్నదీ ఒక్క ప్రశ్నే."

నా పళ్ళు మైనంలో గుచ్చి సిద్ధం చేసిన రోజున పళ్ళక్క సంచిలో ఆ ఆటమీట ఉంది. కొట్టే బటను లోపలికి దిగబడిపోయింది, రిపేరుకి తీసుకెళ్తోంది. వారంలో అరగదీసిందట అత్తగారు. రోజూ సాయంత్రం అరగంట. ఆరో భాగాన్ని ఎవరూ ముట్టుకోవట్లేదు, డిస్కు మీద కూరగాయల కత్తి పెడుతున్నారు.

పళ్ళక్క కింది వరస నా నోట్లో పెట్టి, దవడ పట్టుకుని అటూ ఇటూ కదిపి చూసింది.

"లెక్కపెట్టండి. తొందర లేదు. బాగాలేకపోతే బాగాలేదని చెప్పండి, నాకేం బాధ లేదు."

నేను లెక్కపెట్టాను. పదిహేడు దగ్గర కాస్త ఈల వేసింది. చెప్పాను. ఆమె మారు మాట్లాడకుండా పళ్ళు తీసుకుని మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళింది.